హార్డ్ డిస్క్ నుంచి కాపీ నత్తనడక నడుస్తోందా? ముందు ఆ అంకె చూడండి

మా బాబాయి కూతురి పెళ్లయిన నెలకి ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసి "ఒక హార్డ్ డిస్క్ తెచ్చుకోండి సార్, మొత్తం వేసిచ్చేస్తా" అన్నాడు. పెళ్లికూతుర్ని చేసిన రోజు నుంచి సత్యనారాయణ వ్రతం దాకా వీడియోలూ ఫొటోలూ అన్నీ కలిపి 400 జీబీ. బాబాయి డిస్క్ ఇంటికి తెచ్చి, ల్యాప్‌టాప్‌లోకి కాపీ పెట్టి, రెండుసార్లు కాఫీ తాగి, ఇంక ఆగలేక నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఇంకా రెండున్నర గంటలు చూపిస్తోంది. కొత్త డిస్కే, అప్పుడే పాడైపోయిందా? వాపసు ఇచ్చేయనా?"

"సెకనుకి ఎన్ని ఎంబీలు చూపిస్తోంది బాబాయ్?"

"ముప్పై ఆరు. మేకు కొట్టినట్టు అక్కడే ఉంది."

"ఏ వైరు పెట్టావు?"

"దాంతో వచ్చిన వైరు స్టూడియోలోనే మర్చిపోయా. ఇంట్లో పాత ఫోన్ చార్జర్ వైరు ఉంటే పెట్టా, సరిగ్గా పట్టింది."

అదీ సంగతి. చాలా పోర్టబుల్ డిస్క్‌లకి వెడల్పుగా, మధ్యలో నొక్కుతో, రెండు గదుల్లా కనిపించే సాకెట్ ఉంటుంది కదా, అందులో పెద్ద గదిలో పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ పిన్ను చక్కగా దూరిపోతుంది, డిస్క్ కూడా మారు మాట్లాడకుండా పనిచేస్తుంది, కాకపోతే యూఎస్‌బీ 2.0 వేగంతో. పక్క గదిలో ఉన్న పిన్నులే యూఎస్‌బీ 3.0వి, అవి ఖాళీగా ఉండిపోయాయి. మర్నాడు స్టూడియోకి వెళ్లి అసలు వైరు తెచ్చుకుని పెడితే అంకె 115కి వెళ్లింది, మొత్తం గంటలో అయిపోయింది.

ఇది చెప్పడం ఎందుకంటే, కాపీ నెమ్మదిగా ఉందనగానే చాలామంది డ్రైవర్లు అప్‌డేట్ చేస్తారు, విండోస్ మళ్లీ వేయిస్తారు, కొత్త డిస్క్ కొనేస్తారు. అవేవీ వద్దు. కాపీ జరుగుతున్నప్పుడు తెర మీద ఒక అంకె కనిపిస్తుంది. జబ్బు ఏమిటో చాలావరకు అదే చెప్పేస్తుంది.

అంకె ఎలా చూడాలి

విండోస్‌లో కాపీ కిటికీ కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కితే పచ్చని గ్రాఫూ, సెకనుకి ఎన్ని ఎంబీలో వేగమూ కనిపిస్తాయి. మ్యాక్‌లో కాపీ కిటికీ వేగం చెప్పదు, యాక్టివిటీ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్‌లో సెకనుకి ఎంత చదువుతోందో, ఎంత రాస్తోందో చూసుకోవాలి.

పరీక్షకి ఒకటే పెద్ద ఫైలు తీసుకోండి, కనీసం ఐదు పది జీబీల వీడియో అయితే మంచిది. చిన్న ఫైళ్ల ఫోల్డర్‌తో పరీక్షిస్తే ఏమీ తేలదు, ఎందుకో కింద చెప్తాను. మొదటి పది ఇరవై సెకన్ల వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోకండి. విండోస్ అయినా లైనక్స్ అయినా ముందు ర్యామ్‌లోకి గబగబా ఎత్తుకుని "అయిపోయింది, అయిపోయింది" అన్నట్టు చూపిస్తాయి, డిస్క్ మీద రాసే పని తర్వాత మెల్లగా జరుగుతుంటుంది. 99 శాతం దగ్గర ఆగిపోయి ఎంతకీ కదలట్లేదని కంగారుపడేది చాలాసార్లు ఇక్కడే. ర్యామ్‌లో ఉన్నదంతా అప్పుడు డిస్క్‌లోకి దిగుతూ ఉంటుంది, ఆ టైంలో వైరు పీకేశారంటే ఫైలు పోయినట్టే. రెండు నిమిషాలు ఆగి, నిలకడగా ఎక్కడ ఉందో చూడండి.

ఇంకో తికమక. డబ్బా మీద 5 జీబీపీఎస్ అని ఉంటే అవి గిగాబిట్లు, మనకి కాపీలో కనిపించేవి బైట్లు. ఎనిమిదితో భాగించుకోవాలి, ఆపైన మధ్యలో ఖర్చులు కొన్ని ఉంటాయి. యూఎస్‌బీ 2.0 అంటే 480 మెగాబిట్లు, భాగిస్తే 60 ఎంబీ, నిజంగా చేతికొచ్చేది 30 నుంచి 40. అందుకే బాబాయి "ముప్పై ఆరు" అనగానే నేను నేరుగా వైరు గురించి అడిగాను. గీత గీసినట్టు ముప్పైకీ నలభైకీ మధ్య నిలబడిందంటే దాదాపు ఎప్పుడూ దారే ఇరుకు, డిస్క్ తప్పు కాదు.

వంద నుంచి నూట నలభై మధ్య ఉంటే, మీది తిరిగే పళ్లేలున్న మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్క్ అయితే, అది ఆరోగ్యంగానే ఉంది. ఇంతకంటే దాన్ని పరిగెత్తించలేరు, ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. డిస్క్ నిండేకొద్దీ ఇంకా తగ్గుతుంది కూడా, ఎందుకంటే పళ్లెం బయటి అంచున ఒక చుట్టులో పట్టినంత డేటా లోపలి చుట్టులో పట్టదు, చివరికొచ్చేసరికి వేగం దాదాపు సగం అవుతుంది. ఇక పళ్లేలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎస్‌ఎస్‌డీల్లో, సాటా అనే పాత రకం 5 గిగాబిట్ పోర్టు మీద 400, 450 దాకా ఇస్తుంది. ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకమైతే 10 గిగాబిట్ పోర్టులో వెయ్యికి దగ్గరగా వెళ్తుంది. ఎస్‌ఎస్‌డీ కొని కూడా నలభై దగ్గరే ఉన్నారంటే మళ్లీ అదే, వైరో పోర్టో చూడండి.

వైరు, పోర్టు, హబ్

ల్యాప్‌టాప్‌కి ఉన్న పోర్టులన్నీ ఒకటి కావు. చాలావాటిలో ఒకటి రెండు యూఎస్‌బీ 3.0వి ఉంటే, ఒకటి మౌస్ కోసమని పాత 2.0ది పెడతారు. లోపలి నాలుక నీలం రంగులో ఉందా, పక్కన ఎస్‌ఎస్ అనే గుర్తుందా చూడండి. నీలం లేనంత మాత్రాన 3.0 కాదని అనుకోవద్దు, చాలా కంపెనీలు అందం కోసం నలుపే వేస్తాయి. మోడల్ నంబర్ పెట్టి కంపెనీ సైట్‌లో ఏ పోర్టు ఏ వేగమో వెతకడం మేలు. అక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడూ ఒకటే, 5 గిగాబిట్లే. "3.2 ఉంది కదా, ఫాస్టే" అని అమ్మేవాళ్లు అంటే జెన్ ఎంతో అడగండి.

టైప్ సీ అనేది పిన్ను ఆకారం మాత్రమే, వేగం కాదు. ఇది ఎంతమందికి చెప్పినా ఎక్కదు. ఫోన్ చార్జర్‌తో వచ్చే టైప్ సీ కేబుళ్లు ఎక్కువ శాతం లోపల 2.0 తీగలే ఉన్నవి, చార్జింగ్ బ్రహ్మాండంగా చేస్తాయి, డేటా మాత్రం ఆ ముప్పై నలభైలోనే. ఎస్‌ఎస్‌డీతో పాటు ఇచ్చే కేబుల్ పొట్టిగా, కాస్త లావుగా ఉంటుంది. అదే వాడండి. పొడుగు కేబుల్ మీద మోజు పడకండి, వేగం పెరిగేకొద్దీ పొడుగు ఇబ్బందే.

ఒక చిన్న చిట్కా, వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. పాత రకం వెడల్పు యూఎస్‌బీ పిన్నుని పోర్టులోకి మెల్లగా నెడితే ముందు 2.0 పిన్నులు తగులుతాయి, ల్యాప్‌టాప్ "ఓహో ఇది 2.0" అనుకుని అక్కడే స్థిరపడిపోయే అవకాశం ఉంది. పీకి, ఒక్కసారిగా, గట్టిగా పూర్తిగా దూర్చండి. అంకె మూడింతలైతే ఆశ్చర్యపోకండి. పోర్టులో దుమ్ము చేరినా, పిన్ను వదులైనా ఇదే కథ.

హబ్, అంటే ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా ఉంటే ముందు తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టి చూడండి. హబ్‌కి ఎన్ని నోళ్లున్నా ల్యాప్‌టాప్‌కి వెళ్లే దారి ఒకటే, రెండు డిస్క్‌లు పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ చేస్తే ఆ ఒక్క దారినే రెండూ పంచుకోవాలి. కరెంటు సంగతి కూడా ఉంది. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 2.0 అయితే 500. విడిగా అడాప్టర్ లేని హబ్‌లో కీబోర్డూ మౌసూ రెండు హార్డ్ డిస్క్‌లూ గుచ్చితే డిస్క్‌కి సరిపడా అందక మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది, "టిక్" మని శబ్దం కూడా చేస్తుంది, మనం డిస్క్ చచ్చిపోతోందని టెన్షన్ పడతాం.

అసలు ఏ వేగంతో కలిసిందో కంప్యూటర్‌నే అడగొచ్చు. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ కింద డిస్క్ పేరు నొక్కితే 480 మెగాబిట్లో 5 గిగాబిట్లో రాసి ఉంటుంది. విండోస్‌లో యూఎస్‌బీ ట్రీ వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది, అది చెప్తుంది.

పోర్టు గురించే ఇంకో మాట. 3.0 డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతోందంటే అది మీ భ్రమ కాదు. యూఎస్‌బీ 3.0 తీగల నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, మౌస్ కోసం పోర్టులో గుచ్చే చిన్న పిన్ను, అంటే డాంగిల్‌ది కూడా అదే. డాంగిల్‌ని అవతలి వైపు పోర్టులోకి మార్చండి.

వేగంగా మొదలై చతికిలపడితే

మొదట 400 చూపించి, కొన్ని జీబీల తర్వాత ధబేల్మని 60కో 80కో పడిపోతే అది వైరు కాదు. చవక ఎస్‌ఎస్‌డీల్లో కొంత భాగాన్ని వేగంగా రాసుకునే తాత్కాలిక జాగాలా వాడతారు. అది నిండేదాకా రాకెట్, నిండాక దాని అసలు రంగు బయటపడుతుంది. క్యూఎల్‌సీ అనే చవక రకం చిప్పులున్నవాటిలో ఆ అసలు రంగు మామూలు హార్డ్ డిస్క్ కంటే అన్యాయంగా ఉండొచ్చు. నేను ఆఫర్‌లో కొన్న ఒక ఎస్‌ఎస్‌డీ ఇలాగే చేసింది, రివ్యూల్లో అందరూ ఒక జీబీ ఫైలుతో పరీక్షించి ఐదు చుక్కలు ఇచ్చేశారు. దీనికి మందు ఓపికే. యాభై జీబీ చొప్పున వేసి, మధ్యలో పది నిమిషాలు డిస్క్‌ని అలా తగిలించి వదిలేయండి, అది లోపల సర్దుకుంటుంది. డిస్క్‌లో పావు వంతు ఖాళీ ఉంచుకోవడం కూడా పనికొస్తుంది, జాగా నిండేకొద్దీ ఆ తాత్కాలిక భాగం చిన్నదైపోతుంది. ముట్టుకుంటే కాలిపోతోందంటే మాత్రం వేడికి తనంతట తానే వేగం తగ్గించుకుంటోందన్న మాట, దిండు మీంచి తీసి గాలి తగిలేచోట పెట్టండి.

మామూలు హార్డ్ డిస్క్‌ల్లోనూ ఎస్‌ఎంఆర్ అనే రకం ఉంది. పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు ట్రాక్‌లని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తారు, అందుకే తక్కువ ధరకి ఎక్కువ జాగా వస్తుంది. ఒక పెంకు మార్చాలంటే పక్కనున్నవీ ఎత్తాలి కదా, అలాగే పాతవి చెరిపి కొత్తవి రాసేటప్పుడు ఇది తెగ నలుగుతుంది. సినిమాలు దాచుకోవడానికి పర్వాలేదు, రోజూ రాసి చెరిపే పనికి వద్దు.

పెన్ డ్రైవ్ గురించి ఎక్కువ చెప్పను. డబ్బా మీద "150 దాకా" అని ఉంటే అది చదివే వేగం, రాసే వేగం పదీ ఇరవై ఉన్నవి బజారు నిండా ఉన్నాయి.

చిన్న ఫైళ్లు

బియ్యం బస్తా ఒకటి భుజాన వేసుకుని లోపల పెట్టడం వేరు, అవే బియ్యాన్ని గిద్దెడు గిద్దెడు కొలిచి, ప్రతి గిద్దెకీ పుస్తకంలో పేరు రాసి, సంతకం పెట్టించుకుని లోపల పెట్టడం వేరు. చిన్న ఫైళ్ల కాపీ రెండో రకం. ఒక్కో ఫైలు తెరవాలి, పేరూ తేదీ రాయాలి, యాంటీవైరస్ వచ్చి ముట్టుకుని చూడాలి, మూయాలి. వాట్సాప్ ఫోల్డరూ, ఫొటో సాఫ్ట్‌వేర్ చేసుకునే ప్రీవ్యూ ఫోల్డర్లూ, ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులూ కాపీ చేసేటప్పుడు వేగం ఒకటీ రెండు ఎంబీలకి పడిపోవడం మామూలు. డిస్క్ బాగానే ఉంటుంది.

అందుకని ముందు బస్తాలో నింపండి. ఫోల్డర్ మొత్తాన్ని ఒక జిప్ ఫైలు చేసి ఆ ఒక్కదాన్ని పంపండి. సెవెన్ జిప్ లాంటి వాటిలో కంప్రెషన్ లెవెల్ దగ్గర ‘స్టోర్’ పెట్టండి. ఫొటోలూ వీడియోలూ ఎలాగూ కుదించుకుపోయినవే, మళ్లీ కుదించబోతే ప్రాసెసర్‌కి చాకిరీ తప్ప లాభం లేదు. జిప్ చేసే పని ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీ మీద చేయండి, ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే చేస్తే అదే డిస్క్ చదవాలి, అదే రాయాలి, మొదటికే మోసం.

జిప్ వద్దనుకుంటే విండోస్‌లోనే రోబోకాపీ అనే కమాండ్ ఉంది, ఒకేసారి చాలా ఫైళ్లు పంపుతుంది, మధ్యలో ఆగినా మళ్లీ పెడితే అయినవి వదిలేసి మిగిలినవే చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి ఎస్‌ఎస్‌డీకి బాగుంటుంది. తిరిగే డిస్క్ అయితే ఒకేసారి పదహారు ముప్పై రెండు ఫైళ్లు పెట్టకండి, లోపల చదివే సూది ఇటూ అటూ పరిగెత్తి అలిసిపోతుంది. అదే కారణానికి రెండు మూడు కాపీలు పక్కపక్కన పెట్టకండి. "రెండూ ఒకేసారి పెడితే తొందరగా అయిపోతాయి కదా" అని మా బాబాయి వాదన, నిజానికి రెండూ కలిపి ఒక్కొక్కటిగా చేసినదానికంటే ఎక్కువసేపు పడతాయి.

సెట్టింగ్స్‌లో మార్చదగ్గవి రెండే

విండోస్ 10లో 2018 చివర వచ్చిన 1809 అప్‌డేట్ నుంచి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లన్నిటికీ ‘క్విక్ రిమూవల్’ అనేది మామూలు పద్ధతి అయింది. కాపీ అయ్యాక ఎప్పుడంటే అప్పుడు పీకినా ఫర్వాలేకుండా రాతని దాచుకోకుండా వెంటనే రాసేస్తుంది, దాంతో కాస్త నెమ్మది. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పాలసీస్ ట్యాబ్‌కి వెళ్లి ‘బెటర్ పర్ఫార్మెన్స్’ పెట్టొచ్చు. చిన్న ఫైళ్లకి తేడా కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత ప్రతిసారీ ‘ఇజెక్ట్’ కొట్టి తీరాలి. ఇంట్లో పిల్లలు వచ్చి వైరు లాగేస్తారనుకుంటే దాని జోలికి వెళ్లకండి.

రెండోది యాంటీవైరస్. మీ సొంత డిస్క్ అయితే, పెద్ద కాపీ ఉన్నప్పుడు విండోస్ సెక్యూరిటీలో ఆ డ్రైవ్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టి, అయ్యాక తీసేయొచ్చు. జిరాక్స్ షాపులోనో స్టూడియోలోనో తిరిగొచ్చిన డిస్క్‌కి మాత్రం ఆ పని చేయకండి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయిన పెన్ డ్రైవ్‌లు మనందరం చూసినవే.

ఫార్మాట్ (డిస్క్‌లో ఫైళ్లని అమర్చే పద్ధతి) గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఫ్యాట్ 32లో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. విండోస్, మ్యాక్ రెండిటికీ తిప్పేవాళ్లకి ఎక్స్‌ఫ్యాట్. విండోస్ ఒక్కటే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్. ఎక్స్‌ఫ్యాట్‌లో పెద్ద డిస్క్‌ని మామూలుగా ఫార్మాట్ చేస్తే విండోస్ ఒక్కో గది 128 కేబీ చొప్పున కడుతుంది, రెండు కేబీల ఫైలుకి కూడా గది మొత్తం పోతుంది, అలాంటివి పదివేలుంటే ఒకటింపావు జీబీ దాకా గాల్లో కలిసినట్టే. ఫార్మాట్ మారిస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, ఇది మర్చిపోయి ఏడ్చినవాళ్లున్నారు.

నేరం ల్యాప్‌టాప్‌ది కూడా కావచ్చు

కాపీ జరుగుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో రెండు డిస్క్‌లూ చూడండి. ఏది వంద శాతం దగ్గర ఉందో అదే అడ్డం పడుతున్నది. ఎక్స్‌టర్నల్ డిస్క్ ముప్పై శాతంలో హాయిగా ఉండి, ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ వంద దగ్గర రొప్పుతుంటే మీరు ఎన్ని వైర్లు మార్చినా లాభం లేదు. పాత ల్యాప్‌టాప్‌లో తిరిగే డిస్కే ఉండి, అదీ గొంతుదాకా నిండి ఉంటే అంతే. డబ్బు పెట్టాల్సింది లోపలి ఎస్‌ఎస్‌డీ మీద.

ఫోన్ నుంచి కాపీ అయితే లెక్క వేరు. ఆండ్రాయిడ్ ఫోన్లు ఎమ్‌టీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి, వేల ఫొటోలుంటే ఫోల్డర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. పైగా ఖరీదైన ఫోన్లలో కూడా 2.0 పోర్టులున్నాయి. ఐఫోన్ 15లో టైప్ సీ వచ్చింది గానీ మామూలు మోడల్‌ది 480 మెగాబిట్లే, ప్రో అయితేనే 10 గిగాబిట్లు.

ఇక భయపడాల్సిన లక్షణాలు. వేగం సున్నాకి పడి, నిమిషం ఆగి, మళ్లీ లేచి, మళ్లీ సున్నా. ఒకే ఫైలు దగ్గర ప్రతిసారీ ఇరుక్కోవడం. ఫోల్డర్ తెరిస్తే ఎక్స్‌ప్లోరర్ మొత్తం బిగుసుకుపోవడం. లోపల్నుంచి టకటక శబ్దం. వేరే వైరు, వేరే పోర్టు పెట్టినా ఇలాగే ఉంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ ఆరోగ్యం చూడండి. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే వరసల్లో అంకెలు పెరుగుతూ పోతుంటే డిస్క్ వెళ్లిపోయే దారిలో ఉంది. సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ ఒక్కటే పెరుగుతుంటే మాత్రం ఊపిరి పీల్చుకోండి, సాధారణంగా అది కేబులో కనెక్షనో.

డిస్క్ పోయేలా ఉంటే ముందే చెక్ డిస్క్ (విండోస్ తప్పులు వెతికే పరీక్ష) కొట్టకండి, డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కల్ని ఒకచోట సర్దడం) అసలే వద్దు. ఆ పనులు మొత్తం డిస్క్‌ని గంటల తరబడి గాలిస్తాయి, మిగిలిన కాస్త ప్రాణం దానికే ఖర్చయిపోతుంది. మళ్లీ దొరకనివి ఏవో వాటినే ముందు తీయండి, ఫొటోలు, కాగితాల స్కాన్లు, ఆ తర్వాత వీడియోలు, సినిమాలు చివర్న. ఇరుక్కున్న ఫైలు దగ్గర కుస్తీ పట్టకుండా ‘స్కిప్’ కొట్టి ముందుకు పోండి, మిగతావన్నీ బయటపడ్డాక దాని సంగతి చూడొచ్చు. టకటక శబ్దం ఆగకుండా వస్తుంటే మాత్రం ఇంకోసారి పెట్టి చూద్దాం అనకుండా వైరు తీసేసి, అందులో ఉన్నది మీకు ఎంత ముఖ్యమో లెక్కేసుకుని డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి.